ఆక్సిజన్ యంత్రానికి ఇన్వర్టర్: ముందు వాట్లు, తరువాతే బ్యాటరీ

ప్రశ్న: మాది పరకాల దగ్గరి ఒక పల్లె. మా బాపుకు సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు). రోజుకు పదహారు గంటలు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టాలని డాక్టరు గారు చెప్పారు. గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం, 5 లీటర్ల కాన్సెంట్రేటర్ కొన్నాం. మొన్న మే నెలలో గాలిదుమారం వచ్చి రాత్రి పది గంటలకు పోయిన కరెంటు తెల్లవారుజామున నాలుగింటికి గానీ రాలేదు. అర్ధరాత్రి ఆటో మాట్లాడుకొని బాపును ఆసుపత్రికి తీసుకుపోయాం. హన్మకొండలో ఒక దుకాణంలో అడిగితే 900 వీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి పెడితే "ఇల్లంతా ఆరు గంటలు నడుస్తది" అన్నారు. మా ఊరి వైర్‌మన్ "వేరే లైను ఎందుకమ్మా, రెండు దిక్కుల ప్లగ్గు పెట్టి ఇన్వర్టర్‌ను సాకెట్ల గుచ్చితే ఇల్లంతా వస్తది" అంటున్నాడు. యంత్రం, రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, వైఫై, ఫ్రిజ్ నడవాలి. మెట్ల కింద పూజగూడు పక్కన జాగా ఉంది. ఏం కొనాలి, ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, దుకాణంలో చెప్పిన ఆరు గంటల మాట అబద్ధం కాదు, కానీ అది మీ ఇంటి లెక్క కాదు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో పేరుకు ఉండే శక్తి 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లోనూ తీగల్లోనూ పోయేది తీసేస్తే చేతికి వచ్చేది 1440 దగ్గర ఉంటుంది. ఒక్కొక్కటి 75 వాట్లు తీసుకునే పాత ఫ్యాన్లు మూడు, ఒక చిన్న బల్బు కలిస్తే 240 వాట్లు అవుతాయి కనుక, 1440ని 240తో భాగిస్తే సరిగ్గా ఆరు గంటలు వస్తాయి. అంటే దుకాణదారు మనసులో ఉన్నది ఎండాకాలం రాత్రి ఫ్యాన్ల కింద పడుకునే కుటుంబం. ఆక్సిజన్ యంత్రం ఉన్న ఇల్లు ఆయన లెక్కలోకి రాలేదు, బహుశా మీరు కూడా ఆ సంగతి గట్టిగా చెప్పి ఉండరు.

మీ జాబితాలో పెద్దది కాన్సెంట్రేటర్. 5 లీటర్ల యంత్రాలు సాధారణంగా 300 నుంచి 400 వాట్ల మధ్య తీసుకుంటాయి. 350 అనుకుందాం. రెండు ఫ్యాన్లకు 150, లైట్లకు 30, వైఫైకి 10 కలిపితే 540 వాట్లు, ఫ్రిజ్ కంప్రెషర్ తిరిగేటప్పుడు మరో 150 దాకా. 900 వీఏ ఇన్వర్టర్ నిజంగా మోయగలిగేది 700 వాట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఫ్రిజ్ కంప్రెషర్ మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు గుంజుతుంది కాబట్టి, ఆ క్షణంలో ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూసి ఆగిపోతే దానితోపాటు మీ నాన్నగారి యంత్రం కూడా ఆగిపోతుంది. అందుచేత ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ లైను మీదికి అసలే తేకండి. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల దాకా లోపలి చల్లదనం నిలుస్తుంది.

ఇక్కడ అమ్మేవారు సాధారణంగా చెప్పని సంగతి మరొకటి ఉంది. బ్యాటరీ మీద 150 ఏహెచ్ అని రాసి పక్కన సీ20 అని ఉంటుంది. అంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున నిదానంగా ఇరవై గంటలు వాడుకుంటేనే ఆ 150 వస్తుందని అర్థం. 540 వాట్ల లోడుకు ఆ ఒక్క బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లకు పైగా లాగాలి. అంత వేగంగా లాగితే సీసపు బ్యాటరీ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు, మూడింట రెండు వంతులు ఇస్తే మేలు. దుకాణదారు సెట్టు మీ ఇంట్లో ఫ్రిజ్ లేకుండానే రెండు గంటలు నిలవడం కష్టమని నేను చెప్పేది ఈ కారణం చేతనే.

కొనడానికి ముందు ఒక పని చేయండి, ఖర్చు లేనిది. యంత్రం వెనుక అతికించిన చీటీ మీద వాట్లు రాసి ఉంటాయి, అయితే నిజంగా ఎంత తీసుకుంటుందో మీ ఇంటి మీటరే చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటూ ఉంటుంది, దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో ఒక అంకె ముద్రించి ఉంటుంది. చాలా మీటర్లకు అది 3200. పగటి పూట యంత్రం ఒక్కటి తప్ప ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి, గడియారం చూసుకుంటూ సరిగ్గా రెండు నిమిషాలు ఆ మిణుకులు లెక్కపెట్టండి. 3200 మీటరైతే నిమిషానికి వచ్చిన మిణుకులను 18.75తో గుణిస్తే వాట్లు వస్తాయి. రెండు నిమిషాలకు 38 మిణుకులంటే నిమిషానికి 19, అంటే 356 వాట్లు. తరువాత ఫ్యాను ఒక్కటే వేసి మళ్లీ లెక్కపెట్టండి. ఆ అంకెలు కాగితం మీద రాసుకొని వెళితే దుకాణంలో మాట మారుతుంది.

ఇక ఏం కొనాలన్న సంగతి. ఇంటిల్లిపాదికీ కొంచెం కొంచెం సౌకర్యం చూడడం మాని, ఒక్క అర్ర గురించి ఆలోచించమని నా సలహా. మీ నాన్నగారు పడుకునే గదిలో యంత్రం, ఒక ఫ్యాను, ఒక లైటు, బయట వంటింటి దారిలో ఇంకో లైటు, వైఫై. ఆ గదిలోని పాత ఫ్యానును తీసి బీఎల్‌డీసీ ఫ్యాను బిగించండి. అది 30 వాట్ల దగ్గరే తిరుగుతుంది, పాతదానితో పోలిస్తే సగం కూడా కాదు. అప్పుడు మొత్తం 410 వాట్లకు దిగుతుంది. దీనికి 24 వోల్టుల ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటు లాంటి కరెంటునే ఇచ్చే) ఇన్వర్టర్ ఒకటి, 1500 వీఏకి తగ్గకుండా, దానికి 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ రకం సీసపు బ్యాటరీలు రెండు వరుసగా కలిపి పెట్టించండి. రెండు బ్యాటరీల మీద 24 వోల్టులకు లాగేది 20 ఆంపియర్లే అవుతుంది కనుక బ్యాటరీలు తమ సామర్థ్యంలో ఎక్కువ భాగం ఇవ్వగలవు. కొత్తలో ఆరు గంటల దాకా వస్తుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిచాక నాలుగు గంటలే అనుకొని ఏర్పాట్లు చేసుకోవాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి అయి ఉండాలి. పాతదానికి కొత్తది జోడిస్తే పాతది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ చవకగా దొరుకుతుందని ఎవరైనా చెబితే వినకండి. దాని మీద ఫ్యాను గుయ్యిమంటుంది, ఆక్సిజన్ యంత్రంలోని కంప్రెషర్ మోటారు వేడెక్కుతుంది, వైద్య యంత్రాలకు అది తగదు.

ఇంత చేసినా ఇన్వర్టర్‌ను మాత్రమే నమ్ముకోవద్దని ఖచ్చితంగా చెబుతాను. ఇలాంటి సెట్టు పూర్తిగా ఖాళీ అయితే మళ్లీ నిండడానికి పది పన్నెండు గంటల కరెంటు కావాలి. 2023 జూలై చివరి వారంలో భూపాలపల్లి వైపు మోరంచపల్లి మునిగిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజుల్లో కరెంటు పోవడం ఒక్కసారితో ఆగదు. వస్తుంది, గంటలో మళ్లీ పోతుంది, మొదటి రాత్రి ఖాళీ అయిన బ్యాటరీ రెండో రాత్రికి సగం కూడా నిండదు. రామగుండంలో, చెల్పూరులో కరెంటు పుట్టించే ఉత్తర తెలంగాణలో కూడా మన ఊళ్లకు చీకటి వచ్చేది కరెంటు లేక కాదు, 11 కేవీ తీగ మీద విరిగిపడిన వేపకొమ్మ వల్ల. ఆ కొమ్మను తీసే మనిషి వాగు దాటి రావాలి. అందుకని ఇంట్లో ఒక బీ టైపు ఆక్సిజన్ సిలిండర్‌ను, రెగ్యులేటర్, ఫ్లో మీటరు, ట్యూబుతో సహా సిద్ధంగా ఉంచండి. అందులో 1500 లీటర్లు ఉంటాయి, నిమిషానికి 2 లీటర్ల చొప్పున లెక్కకు పన్నెండున్నర గంటలు, చివరి దాకా ఊడ్చకుండా పది గంటలనుకోండి. ఇన్వర్టర్ బీప్ మొదలుపెట్టగానే సిలిండర్‌కు మారవచ్చు. దాన్ని గోడకు గొలుసుతో నిలబెట్టి కట్టాలి, రెగ్యులేటర్ మరల మీద నూనె చేయి తగలకూడదు. ఆ గదిలో దీపం, అగరుబత్తి, బీడీ ఏవీ ఉండకూడదు. ఫ్లో ఎంత పెట్టాలన్నది మాత్రం డాక్టరు గారు చెప్పినట్టే, మీరు పెంచవద్దు.

ఇన్వర్టర్ మీద వెనుకవైపు యూపీఎస్, నార్మల్ అని ఒక స్విచ్చు ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయిన పది మిల్లీసెకన్లలోపు బ్యాటరీ అందుకుంటుంది, యంత్రం ఆగకుండా సాగుతుంది. నార్మల్ వైపు ఆ మార్పు కాస్త ఆలస్యం, కొన్ని కాన్సెంట్రేటర్లు ఆ మధ్యలో ఆగి అలారం కొడతాయి. కాబట్టి యూపీఎస్ వైపే పెట్టాలి, కానీ పల్లెల్లో దీనికి ఒక చిక్కు ఉంది. యూపీఎస్ పద్ధతిలో ఇన్వర్టర్ 180 వోల్టులకు తక్కువైన కరెంటును కరెంటుగా ఒప్పుకోదు. అదే లైను మీద పొలాల మోటార్లు నడుస్తున్న వేళ మీ వీధి చివర వోల్టేజి 170కి పడిందనుకోండి, ఇంట్లో బల్బు మందంగా వెలుగుతూనే ఉంటుంది, ఇన్వర్టర్ మాత్రం కరెంటు పోయిందనుకొని బ్యాటరీని ఖాళీ చేస్తుంది. రాత్రి నిజంగా పోయేసరికి అందులో ఏమీ మిగలదు. బ్యాటరీ బాగాలేదని దుకాణదారుతో తగాదా పడేవారిలో సగం మంది కథ ఇదేనని నా అనుభవం. వైర్‌మన్‌ను పిలిచి పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఏడింటికీ మల్టీమీటరుతో వోల్టేజి చూపించండి. 180కి కిందికి దిగుతుంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది బాగుపడేదాకా ఇన్వర్టర్ ముందు స్టెబిలైజర్ ఒకటి పెట్టక తప్పదు.

మీ వైర్‌మన్ చెప్పిన రెండు దిక్కుల ప్లగ్గు మాటకు వస్తే, దయచేసి ఆ మనిషిని ఆ పని చేయనివ్వకండి. ఇన్వర్టర్ నుంచి సాకెట్‌లోకి గుచ్చిన 230 వోల్టులు ఇంట్లోనే ఆగవు, మెయిన్ ఆపకపోతే మీటరు దాటి సర్వీసు వైరు గుండా స్తంభం దాకా వెళతాయి. అక్కడ లైను చచ్చిందని నమ్మి తీగ పట్టుకున్న లైన్‌మన్ ఉండవచ్చు. ఆయన ఆ వానలో స్తంభం ఎక్కినది మీ ఇంటికి కరెంటు ఇవ్వడానికే. పైగా కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో రెండు సరఫరాలు ఎదురెదురుగా ఢీకొని ఇన్వర్టర్ కాలిపోతుంది. ఆ ప్లగ్గు బయటికి లాగినప్పుడు దాని పిన్నుల్లో కరెంటు ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో ఆ ఊహే చాలదా?

సరైన పద్ధతి, మీ నాన్నగారి గదికి మీటరు బోర్డు నుంచి ఇన్వర్టర్ గుండా ఒక వేరే ఫేజ్ వైరు లాగడం. ఒక రోజు పని. ఆ గది స్విచ్‌బోర్డులో యంత్రానికి మూడు పిన్నుల సాకెట్ ప్రత్యేకంగా పెట్టి, దాని మీద ఎర్ర చుక్క వేసుకోండి, ఇస్త్రీపెట్టె అక్కడ ఎవరూ గుచ్చకుండా. బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ఉంటే న్యూట్రల్ ఎటునుంచి తిప్పాలో తెలిసినవారి చేత చేయించాలి, లేకపోతే ఇన్వర్టర్ మొదలైన ప్రతిసారీ అది ట్రిప్ అవుతుంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వచ్చే తీగలు లావుగా, పొట్టిగా, కంపెనీ ఇచ్చినవే ఉండాలి. మధ్యలో అతుకు వేస్తే అక్కడే కాలుతుంది. ఎర్తింగ్ గుంతను కూడా ఒకసారి చూపించండి. మా దగ్గర నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చి, పైపు చుట్టూ మట్టి వదులై, ఎర్తింగ్ పేరుకే మిగులుతుంది. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు బిందెల నీళ్లు ఆ గుంతలో పోయడం మా ఇంట్లో అలవాటు.

మెట్ల కింద జాగా గురించి నా సొంత అనుభవం చెప్పాలి. హన్మకొండలో మా ఇంటి మెట్ల కింద, కనబడితే బాగుండదని, చెక్క తలుపు పెట్టి లోపల బ్యాటరీని మూసేశాను. ఒక జూన్ నెలలో మూడు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. తలుపు తీస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మూతల మీద తేలుతూ నీటిమట్టం చూపే ఆరు పుల్లలూ ఎర్రగీత కిందికి దిగిపోయి ఉన్నాయి, ప్లస్ టెర్మినల్ మీద పచ్చటి పొడి రొట్టెలా పేరుకుంది. నాలుగు నెలలుగా నీళ్లు చూడలేదు నేను. నీళ్లు తగ్గిన బ్యాటరీ వేడెక్కి, వేడికి ఇంకా నీళ్లు తగ్గి, గాలి ఆడని గూటిలో తనను తానే ఉడకబెట్టుకుంది. అప్పటికి దానికి రెండేళ్లు కూడా నిండలేదు. వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో అలా మూసిన చోటు ఎంత వేడెక్కుతుందో ఊహించుకోండి. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకు సీసపు బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క.

పూజగూడు పక్కన అసలే వద్దు. చార్జింగ్ చివరలో ఈ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, దీపం పక్కన అది ఉండకూడదు. ఉత్తరం వైపు వరండాలో, ఎండ పడని, జల్లు కొట్టని మూల ఒకటి చూడండి. ఒక్కొక్క బ్యాటరీ యాభై కిలోలకు పైగా ఉంటుంది కనుక ట్రాలీ మీదనే పెట్టించండి. వరద నీళ్లు వచ్చే ఇల్లయితే అడుగు ఎత్తు గద్దె కట్టించి దాని మీద. నీళ్లు ఎండాకాలం నెలకోసారి, మిగతా కాలం రెండు నెలలకోసారి చూసి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మెడికల్ షాపులోనో బ్యాటరీ దుకాణంలోనో దొరికే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, ప్లాంటు నీళ్లు పనికిరావు. యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయకండి.

లిథియం బ్యాటరీ గురించి మీరు అడగలేదు, కానీ దుకాణంలో ఎలాగూ ప్రస్తావన వస్తుంది. 25.6 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మీ 410 వాట్లను నాలుగున్నర గంటలకు పైగా నడుపుతుంది, వేగంగా లాగినా దాని సామర్థ్యం పెద్దగా తగ్గదు, త్వరగా నిండుతుంది, నీళ్లు పోసే పని లేదు. కరెంటు వచ్చిపోయే వానల్లో త్వరగా నిండడం చిన్న సుఖం కాదు. ధర బాగా ఎక్కువ, ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగు తప్పనిసరి. డబ్బుకు వెసులుబాటు ఉంటే అదే తీసుకోండి, లేకపోతే ట్యూబులర్‌తో లోటేమీ లేదు.

అన్నీ బిగించాక దుకాణపు మనిషి వెళ్లకముందే, పగటి పూట, సిలిండర్ దగ్గర పెట్టుకొని, మెయిన్ ఆపించండి. యంత్రం అలారం కొట్టకుండా సాగిందా, ఆ గదిలోవి తప్ప వేరే ఏమైనా వెలిగాయా చూడండి. బ్యాటరీ పూర్తిగా నిండిన మరో రోజు మెయిన్ ఆపి, లో బ్యాటరీ బీప్ వచ్చేదాకా ఎన్ని గంటలు పట్టిందో చూసి, తేదీతో సహా ఇన్వర్టర్ మీదనే స్కెచ్ పెన్నుతో రాయండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూసి దాని కిందనే రాస్తూ వస్తే, బ్యాటరీ ముసలిదవుతున్న సంగతి గాలిదుమారం రాత్రి కాక ముందే తెలుస్తుంది. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న రోగి ఉన్నారని మీ కరెంటు ఆఫీసు సెక్షన్ ఏఈ గారికి ఒక దరఖాస్తు రాసి, మరమ్మతుల కోసం లైను ఆపే రోజున ముందే చెప్పమని అడగండి. పల్లెల్లో ఇలాంటి మాట చాలావరకు గుర్తు పెట్టుకుంటారు.

సిలిండర్‌ను మాత్రం ఈ వారమే తెచ్చుకోండి, ఇన్వర్టర్ పని పూర్తయ్యే దాకా ఆగవద్దు. మీటరు మిణుకులు లెక్కపెట్టాక యంత్రానికి 400 వాట్లు దాటినట్టు తేలితే ఆ అంకె నాకు రాయండి. అప్పుడు బ్యాటరీల సైజు 150 నుంచి 200 ఏహెచ్‌కు పెంచవలసి రావచ్చు, దానికి తగ్గట్టు ఇన్వర్టర్ చార్జింగ్ కరెంటు కూడా చూసుకోవాలి.